గుమ్మానికి తలకిందులుగా కట్టిన నాగజెముడు

నవాగామ్, సూరత్

తమ్ముడు శంకర్‌కు,

అక్క రాజమణి రాస్తున్నది. మీరంతా ఎట్లా ఉన్నారు? విజయకు నడుము నొప్పి తగ్గిందా? చిన్నమ్మ కంటికి ఆపరేషన్ అన్నారు, అయిందా? పిల్లలు బడికి సరిగ్గా పోతున్నారా? ఇక్కడ అందరం క్షేమం అని రాయడం ఆనవాయితీ. నేను క్షేమం, నరేశ్ క్షేమం. మూడో మనిషి ఇంట్లో లేదు. నా కోడలు స్వప్న వెళ్ళిపోయిన సంగతి నీకు తెలుసు. ఎందుకు వెళ్ళిపోయిందో నీకు తెలిసినట్టు లేదు. అందుకే ఈ ఉత్తరం.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్‌లో నువ్వు మాట్లాడతావు, నేను ఊఁ కొడతాను. నా మాట మొదలయ్యేసరికి నీకు ఇంకో ఫోన్ వస్తుంది. కాగితాన్ని మధ్యలో ఆపలేవు. దీపం పెట్టి, దండం పెట్టుకొని కూర్చున్నాను. నోటికి వచ్చిన మాటల్లో కొన్ని దేవుడి ముందే వదిలేశాను. మిగిలినవి రాస్తున్నాను. విజయకు చదివి వినిపించు. దాచకు.

ముందు ఇక్కడి కబుర్లు. సూరత్ వానకాలం మన వానకాలం కాదు. వాన ఆగినా గాలిలో తడి ఆగదు. ఉతికిన చీర మరునాటికి కూడా చల్లగానే ఉంటుంది. నీళ్ళు పొద్దున కాసేపే వస్తాయి. మా గదుల లైన్‌లోని ఆడవాళ్ళం ఆ కాసేపట్లోనే పట్టుకోవాలి, కొట్లాడుకోవాలి, మళ్ళీ కలిసిపోవాలి. నరేశ్ పనిచేసే మగ్గాల షెడ్డును ఇక్కడ ఖాతా అంటారు. ఆ చప్పుడు చెవుల్లో పెట్టుకొని ఇంటికి వస్తాడు. మెల్లగా మాట్లాడమన్నా అరుస్తాడు. నాకు చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించే పని దొరికింది. కట్టలు ఇంటికే తెచ్చి వేస్తారు. కూర్చొని చేసే పని, దేవుడి పేరు తలుచుకోవడానికి వీలుగా ఉంటుంది. నా గురించి దిగులు వద్దు, ఒంట్లో బాగానే ఉంది. తిండికి లోటు లేదు. పప్పులో బెల్లం వేసుకునే ఊరు, అయినా మన వంట మనం వండుకుంటాం. చింతపండు మాత్రం పంపు. ఇక్కడిది పేరుకే పులుపు. నాకు నీ మీద కోపం ఉంది, చింతపండు మీద లేదు.

ఇక అసలు సంగతి.

పోయిన చలికాలం స్వప్నకు రెండోసారి కడుపు నిలవలేదు. ఏడవాల్సిన ఇల్లు అది. నువ్వు ఫోన్ చేసి, ఇంట్లో ముళ్ళ చెట్టు ఏమైనా ఉందా అని నరేశ్‌ను అడిగావు. వాస్తు చూసే ఎవరో నీకు చెప్పాడట. ఉందన్నాడు నరేశ్. కుండీలో స్వప్న పెట్టుకున్న జెముడు ఉంది.

“అదేరా ఇంటిని తింటున్నది. పాలు కారే జెముడు, బొందలగడ్డల మొలిచేది. పీకి గుమ్మానికి తలకిందులు కట్టు, దిష్టన్న పోతది” అన్నావట.

ఆ చెట్టును నువ్వు చూడలేదు. ఫోటో కూడా అడగలేదు. కుండీలో తల పైకెత్తి నిలబడితే అరిష్టం, వేర్లు పైకి పెట్టి వేలాడదీస్తే ఇంటికి రక్ష. ఇది ఏ శాస్త్రమో నువ్వు ఆ మనిషిని అడగలేదు. నీ మేనల్లుడు నిన్ను అడగలేదు. పీకి కట్టాడు.

నేను ఉగాది తర్వాత వచ్చాను కదా. వచ్చేసరికి గుమ్మం పైన నల్లదారంతో జెముడు, పక్కన నిమ్మకాయ. మన వైపు ఏ ఇంటికి పోయినా ఉండేదే కాబట్టి నేనేమీ అనుకోలేదు. శుక్రవారం శుక్రవారం దానికి పసుపు రాసి బొట్టు పెట్టాను. అగరుబత్తి తిప్పాను. స్వప్న పొయ్యి దగ్గర నిలబడి చూసేది, ఏమీ అనేది కాదు. పెళ్ళిలో గలగలా మాట్లాడిన పిల్ల, ఇంత మూగదైపోయిందేమిటి అనుకున్నాను. ఎండాకాలమంతా అది అట్లాగే ఎండింది. అరచేతుల్లాంటి పలకలు ముడతలు పడి, ముసలివాళ్ళ చేతుల్లాగా అయ్యాయి. పట్టించుకున్నవాళ్ళు లేరు. దిష్టికి కట్టిందానికి నీళ్ళు ఎవరు పోస్తారు?

వానలు మొదలయ్యాక ఒక సెలవు రోజు నువ్వు ఫోన్ చేశావు. నరేశ్ అన్నం తింటున్నాడు. చెయ్యి ఎంగిలని స్పీకర్ పెట్టాడు. నేను పప్పు వడ్డిస్తున్నాను. స్వప్న రొట్టె కాలుస్తున్నది. నీ మాటలు నీకే రాసి పంపుతున్నాను, నేనొక్క అక్షరం కలపలేదు.

“అరేయ్ నరేశూ, జగిత్యాల దిక్కు ఒక పిల్ల ఉన్నది. మంచి ఇల్లు. ఊకెనే చూసి పెట్టిన. నీ ఇంట్ల ఉన్నదాని కడుపు పండేటట్టు లేదు. ఇంకెన్నొద్దులు చూస్తవ్‌రా?”

నరేశ్ తన ఎంగిలి చెయ్యి చూసుకున్నాడు. ఎడమ చెయ్యి ఖాళీగానే ఉంది. స్పీకర్ తీసేయలేదు. ‘కాదు మామా’ అనలేదు. “మళ్ల మాట్లాడ్త మామా” అన్నాడు, అంతే.

స్వప్న స్టవ్ కట్టేసింది. రొట్టె పెనం మీదే ఉంది. సంచిలో నాలుగు బట్టలు పెట్టుకున్నది. గుమ్మం దాటి అవతల నిలబడి నాతో ఒక్క మాట అన్నది.

“అత్తమ్మా, శుక్రవారం శుక్రవారం మీరు బొట్టు పెట్టేది దిష్టికి కాదు. నా చెట్టుకు.”

సూరత్ పక్కనే పల్సానాలో వాళ్ళమ్మ ఉంటుంది. అక్కడికి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నమే స్టూలు వేసుకొని నల్లదారం తెంపాను. నరేశ్ అడ్డం వచ్చాడు. “అమ్మా, దాన్ని ముట్టకు. మామను ఒక మాట అడుగుదాం.”

“అడుగు. తిన్నది అరిగిందా లేదా అని గూడ మామనే అడుగు” అన్నాను.

తమ్ముడూ, చెట్టును దించిన తర్వాత నేను చేసిన పని విను. మనం నేసినవాళ్ళం. బలం లేని నూలుకు గంజి, బలం లేని మనిషికి గంజి. ఇదీ బలం లేనిదే కదా అని ఒక నూనె డబ్బాలో నల్లమట్టి నింపి, చెట్టును నిలబెట్టి, రోజూ పలుచటి గంజి పోశాను. దండం పెట్టుకొని మరీ పోశాను. కొన్నాళ్ళకు వాసన మొదలైంది. కింది పలక నల్లబడి మెత్తగా అయింది. చీమలు పట్టాయి.

మా పక్క గదిలో కంచన్‌బా అని ఒక గుజరాతీ పెద్దావిడ ఉంటుంది, సౌరాష్ట్ర వైపు మనిషి, మనవాళ్ళ మధ్య ఉండి కొంచెం తెలుగు నేర్చింది. ఆమె చూసి నెత్తి కొట్టుకున్నది. “అరే రాజీబెన్, ఇవాళ గంజి పోసినవు, రేపు దీనికి ఖిచిడీ గూడ తినిపిస్తవా?” అని సగం ఆమె భాషలో, సగం మన భాషలో అని, లైన్ లైనంతా వినేటట్టు నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. కానీ ఆమె కూర్చొని చెట్టును అటూ ఇటూ తిప్పి చూసింది. “ఇది మా హాథ్‌లా థోర్” అన్నది. చెయ్యిలాంటి జెముడు అని అర్థం. వాళ్ళ వైపు చేనుకు కంచె వేస్తారట. మన నాగజెముడే.

నేను నీ మాట చెప్పాను, పాలు కారే జెముడని నా తమ్ముడు అన్నాడని. ఆమె కత్తి తెచ్చి నా చేతికిచ్చింది. “నువ్వే కొయ్యి” అన్నది. కుళ్ళిన పలకను కోశాను. ఒక్క చుక్క పాలు కారలేదు. బెండకాయ కోసినట్టు జిగురు వచ్చింది, అంతే. పాలు వచ్చేది వేరే జెముడు, అది వేరే జాతి. నువ్వు చూడకుండా తీర్పు చెప్పిన చెట్టు ఇది కాదు. దీన్ని పీకి కట్టారు.

కోస్తుంటే దాని నూగులాంటి సన్న ముళ్ళు నా వేళ్ళ నిండా దిగాయి. కంచన్‌బా నా చెయ్యి ఒళ్ళో పెట్టుకొని, పట్టకారులాంటి చిన్న చిమటాతో ఒక్కొక్కటి లాగుతూ చెప్పింది. ఆ చెట్టుకు ఎర్రటి పండ్లు కాస్తాయట. ఫిండ్లా అంటారు. ముళ్ళు కాల్చి, రసం తీసి, రక్తం తక్కువున్న ఆడవాళ్ళకు వాళ్ళ ఊళ్ళో తాగిస్తారట. మొదటిసారి కడుపు పోయినప్పుడు, రక్తం తక్కువుందని డాక్టరమ్మ అన్నప్పుడు, స్వప్న ఈమెను అడిగిందట, ఆ పండ్లు ఎక్కడ దొరుకుతాయని. “కొనుడెందుకు, ఒక్క ముక్క తెచ్చి నాటుకో” అని చెప్పింది ఈమేనట. స్వప్న పల్సానాలో మిల్లు గోడ పక్కనున్న పొద నుంచి ఒక పలక విరిచి, గుడ్డలో చుట్టుకొని, బస్సులో తెచ్చుకున్నదట.

ఆ రసంతో రక్తం పడుతుందో లేదో నాకు తెలియదు. డాక్టరమ్మ ఇచ్చిన గోలీలు స్వప్న ఒక్క పూట మానలేదని మాత్రం తెలుసు. నేను చెప్పేది అది కాదు. ఆ పిల్ల బిడ్డ కోసం నాటుకున్న చెట్టు అది. బిడ్డను అదే తిన్నదని దాన్ని ఆమె కళ్ళ ముందే పీకి, ఆమె రోజూ వచ్చిపోయే గుమ్మానికి వేలాడదీశారు. పైగా దానికి నేను బొట్టు పెట్టాను. ఆ రోజు నాకు అన్నం దిగలేదు. కోపంతో దిగలేదు. నీ మీద, నరేశ్ మీద. ఇంత జరిగినా మీకొక్కరికీ ‘అమ్మా, ఇదెందుకు నాటుకున్నవు?’ అని అడగడం రాలేదు.

కంచన్‌బా చెప్పినట్టే చేశాను. కుళ్ళిన భాగమంతా, లోపల పచ్చటి కండ కనిపించేదాకా కోసేశాను. రెండు పలకలే మిగిలాయి. వెంటనే నాటొద్దన్నది. కోత గాయం ఎండి పక్కు కట్టేదాకా నీడలో, గాలి తగిలే చోట వదిలెయ్యమన్నది. వానాకాలంలో ఎండడానికి ఎంత ఆలస్యమో చెప్పాను కదా. చీరల కట్టల పైన, ఫ్యాను కింద పెట్టుకున్నాను. తర్వాత నూనె డబ్బాకు అడుగున చిల్లులు పొడిచి, ఇటుక ముక్కలు, ఇసుక, కొంచెం మట్టి వేసి నాటాను. నీళ్ళు పోయొద్దన్నది. అదే అన్నిటికంటే కష్టమైంది. చెయ్యి ఊరుకోదు. చెంబు తీసుకుంటాను, ఆమె కిటికీలో నుంచి “రాజీబెన్!” అంటుంది, చెంబు దించుతాను. ఏమీ చేయకుండా ఉండడం కూడా సేవేనని యాభై దాటాక నేర్చుకుంటున్నాను. నువ్వు కూడా నేర్చుకుంటే బాగుండేది.

ఇప్పుడు పైపలక అంచున చిగురు వచ్చింది. చిటికెన వేలి గోరంత ఉంది. ముడతలు కూడా తీరుతున్నాయి.

అది చూసి పల్సానా వెళ్ళాను. ఒంటరిగానే వెళ్ళాను. హిందీ రాదు, బస్సులో ఇద్దరిని అడిగాను, దిగాను. స్వప్న ఒక మిల్లులో చీరలు మడతపెట్టే పనికి పోతున్నది. వాళ్ళమ్మ నన్ను చూసి “రా వదినె, కూసో” అన్నది. నీళ్ళిచ్చింది. ఆ మర్యాదకే నాకు తల వంగిపోయింది. నేనైతే ఇచ్చేదాన్ని కాదేమో.

స్వప్న వచ్చి గోడకు ఆనుకొని నిలబడింది. చెట్టు బతికిందని చెప్పాను. ఆమె ముఖంలో వెలుగు వస్తుందనుకున్నాను. రాలేదు.

“బతికిందా? మంచిది అత్తమ్మా. చెట్టు బతికిందని నేను రావాల్నా?”

“రమ్మని నేననలేదు బిడ్డా. చెప్పిపోదామని వచ్చిన.”

“చెట్టు చెట్టే, నేను నేనే. దాన్ని కోసి ఇసుకల పెడితే చిగురు పెడ్తది. నన్ను గట్ల పెట్టలేరు.”

వాళ్ళమ్మ “ఏందే ఆ మాటలు, పెద్దమనిషితోని” అన్నది. నేను వారించాను. “అననియ్యి వదినె. గిన్నొద్దులకు నోరు విప్పింది” అన్నాను.

అప్పుడు చెప్పింది. డాక్టరమ్మ ఇద్దరికీ పరీక్షలు రాసిందట. “నేను అప్పుడే చేయించుకున్న అత్తమ్మా. ఆయన ఇయ్యాల పోత, రేపు పోత అన్నడు. పోలే. జగిత్యాల పిల్లకు గూడ ఇదే చెప్తడా, అడుగుండ్రి.”

తర్వాత తన ఫోన్ తీసి నాకొక ఫోటో చూపించింది. నీ ఫోటో. మీ వాకిట్లో బ్రహ్మకమలం పూసినప్పుడు నువ్వే అందరికీ పంపినది. పట్టు పంచె కట్టుకొని, హారతి పట్టి, కొబ్బరికాయ కొట్టి, చుట్టూ వాడకట్టు అంతా. “మామ మొక్కేది గూడ జెముడు జాతే అత్తమ్మా. పూవు మీద ఉన్నందుకు దేవుడైంది” అన్నది. నవ్వకుండానే అన్నది. కంచన్‌బాను అడిగాను, అవునన్నది. ఖాతాలో మేస్త్రీ కొడుకు కాలేజీలో చదువుతాడు, వాడూ అవునన్నాడు. నమ్మకపోతే నువ్వే కనుక్కో. శంకర్, పూసిన జెముడుకు నువ్వు హారతి ఇచ్చావు. ఇంకా పూయని జెముడును ఉరి తీయించావు. నీ ఇంట్లో కోడలు వస్తే ఏ లెక్కన చూస్తావో ఇప్పుడే ఆలోచించుకో.

నేను లేవబోతుంటే స్వప్న అన్నది, “మామ నోటితోని అనాలె అత్తమ్మా. ఆ పిల్ల మాట తప్పు, నీ చెట్టును పీకిపిచ్చుడు తప్పు అని. నన్ను పక్కకు పిలిచి కాదు. అప్పుడు స్పీకర్ల విన్న, ఇప్పుడు గూడ స్పీకర్లనే వింట. ఆయన గూడ పక్కన ఉండాలె.”

“అంటడు” అన్నాను. నిన్ను అడగకుండానే మాటిచ్చాను. నా కొడుకు విషయంలో నువ్వు నన్ను అడిగావా?

ఇంటికొచ్చి నరేశ్‌ను కూర్చోబెట్టాను. పరీక్షల సంగతి ఎత్తగానే నేల చూశాడు.

“సిగ్గయింది అమ్మా. ఖాతల ఎవలకన్న తెలుస్తే నవ్వుతరు.”

“నీ పెండ్లాం పోతే నవ్వరా?”

“మామ మాట ఎట్ల తీసేద్దునే? నన్ను సాకిండు గదా.”

“మామ మాట తియ్యకు. పెండ్లాన్ని తీసెయ్యి. అల్కగ అయితది.”

వాడు ఏడ్చాడు. ఏడవనిచ్చాను. మరునాడు ఖాతాకు సెలవు పెట్టి పరీక్షలకు పోయి వచ్చాడు. ఏం తేలినా ఇద్దరూ కలిసే వినాలని చెప్పాను. ఆ సాయంత్రమే పల్సానా కూడా పోయాడు. స్వప్న తలుపు తీసిందట, లోపలికి రమ్మనలేదట. మెట్ల మీద కూర్చొని వచ్చాడు. మళ్ళీ పోతానన్నాడు. పోనీ, మెట్ల మీద కూర్చోవడం కూడా నేర్చుకోవాలి.

తమ్మీ, మీ బావ పోయిన తర్వాత నరేశ్‌ను నువ్వే చదివించావు, నువ్వే మగ్గం పనిలో పెట్టించావు. నేను బతికున్నంత కాలం మరవను. దేవుడి ముందు నీ పేరు చెప్పని రోజు లేదు. కానీ సాకినవాడికి కాపురం కూల్చే హక్కు ఉందని నాకు ఎవరూ చెప్పలేదు. నువ్వు చిన్నప్పుడు కోపమొస్తే అన్నం గిన్నె తన్నేవాడివి. నేను ఏరి, కడిగి, మళ్ళీ వండేదాన్ని. ఇది ఏరి కడిగేది కాదు. ఒక ఆడపిల్ల బతుకు.

నేను గట్టిగా అరవడం నీకు తెలియదు. నాకూ తెలియదు. అందుకే మెల్లగా రాస్తున్నాను. జగిత్యాల వాళ్ళకు రేపే ఫోన్ చేసి లేదని చెప్పు. ఆ పిల్లకు కూడా అన్యాయం చేయకు, ఆశ పెట్టకు. తర్వాత స్వప్నకు ఫోన్ చెయ్యి. నరేశ్ సెలవు రోజు చూసుకొని చెయ్యి, వాడు అక్కడే ఉంటాడు. వాస్తు మనిషిని అడిగి చేయకు. ‘ఎవరో అన్నరు, నేను చెప్పిన’ అని తప్పించుకోకు. నువ్వు అన్నావు కాబట్టి నువ్వే అను. ఆమె వస్తుందో రాదో నాకు తెలియదు. నువ్వు అన్నంత మాత్రాన రావాలని లేదు. అయినా అనాలి.

అప్పటిదాకా నా కొడుక్కు ఫోన్ చేయొద్దు. చేస్తే నేనే ఎత్తుతాను.

విజయకు నడుముకు వేడినీళ్ళ కాపడం పెట్టుకోమని చెప్పు, బరువులు ఎత్తొద్దని చెప్పు. చిన్నమ్మకు, పెద్దనాన్నకు నా దండాలు. పక్కింటి లచ్చవ్వను అడిగానని చెప్పు. పిల్లలిద్దరికీ, విజయకు నిండు మనసుతో నా దీవెనలు.

నీ పేరు దగ్గర కలం ఆగింది. ఇంటికి పెద్దదాన్ని, చిన్నవాళ్ళకు దీవెన రాయకుండా నేను ఏనాడూ ఉత్తరం ముగించలేదు. ఈసారి నీ వంతు దీవెన నా దగ్గరే ఉంచుకుంటున్నాను. స్వప్నతో మాట్లాడిన తర్వాత అడుగు, ఇస్తాను.

నీ అక్క,
రాజమణి